మండని కాళ్ళు

జైపాల్ మొదట కుళాయిలకు కవర్లు కట్టించాడు. మూడు బాత్‌రూముల్లో కలిపి పదకొండు కుళాయిలు, మూడు షవర్లు. ఒక్కోదానికి వేజ్‌లైన్ పూసి, పైన పాలిథిన్ కవరు చుట్టి, గాలి దూరకుండా టేపు వేయించాడు. యాసిడ్ పొగ తగిలితే వాటి మెరుపు పోతుందని ఇంటావిడ ఫోనులో రెండుసార్లు చెప్పిందట. దీప కవరు బిగించి పట్టుకుంటే ఆమె అత్త శివమ్మ టేపును పళ్ళతో కొరికి అతికించింది. ఆ పనికే గంట పట్టింది.

తర్వాత కాళ్ళు. శివమ్మ సంచిలోంచి చిన్న సీసా తీసి, కొబ్బరినూనె అరచేతిలో వంచుకుని మోచేతుల దాకా, మోకాళ్ళ కింది దాకా రాసుకుంది. కోడలికీ ఇచ్చింది. నూనె మీద యాసిడ్ నిలవదని ఆమె నమ్మకం. గౌడవెల్లి నుంచి ఈ పనికి వచ్చే ఆడవాళ్ళందరి నమ్మకమూ అదే. పాదాలకు కిరాణా కవర్లు తొడిగి చీలమండల దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసుకున్నారు. వాళ్ళను పనికి కుదిర్చి తెచ్చే జైపాల్ ట్రాలీ ఆటోలో ఒక జత రబ్బరు బూట్లు ఉన్నాయి. వాటిని ఒకరి తర్వాత ఒకరికి తొడిగించి, బిల్డరు ఆఫీసుకు పంపడానికి ఫోటోలు తీసుకుని, మళ్ళీ ట్రాలీలో పెట్టేశాడు. ఇంకా రెండు సైట్లలో ఫోటోలు తీయాల్సి ఉందన్నాడు.

యాప్రాల్‌లో కొత్తగా లేచిన ఆ అపార్ట్‌మెంటులో అయిదో అంతస్తు ఫ్లాటు అది. ఆదివారం గృహప్రవేశం. మేస్త్రీలు టైల్స్ పరిచి వెళ్ళాక సిమెంటు పాలు ఎండి నేలంతా బూడిద రంగు పొర కట్టింది. గోడల అంచుల వెంట చింతగింజలంత సిమెంటు ముద్దలు అంటుకుని ఉన్నాయి. యాసిడ్ పోసి, పీచు బ్రష్‌తో రుద్ది, బ్లేడుతో గీకి, నీళ్ళు కొట్టి, ముఖం కనిపించేలా చేసి అప్పగించాలి. మంగళవారం మొదలుపెట్టారు. శుక్రవారం సాయంత్రానికి అయిపోవాలి.

హాలు, పడకగదులు దీపవి. బాత్‌రూములు శివమ్మవి. ఏ సైటులోనైనా అంతే. హాల్లో కిటికీలుంటాయి, బాల్కనీ తలుపు ఉంటుంది, పొగ పోతుంది. బాత్‌రూములో జానెడు వెంటిలేటరు తప్ప ఏమీ ఉండదు. డబ్బా మూత తిప్పగానే తెల్లటి పొగ మూతి దగ్గర కాసేపు ఆగి, తర్వాత ముక్కును వెతుక్కుంటూ వస్తుంది. పోసిన చోట సిమెంటు బుసబుసమని నురగ కక్కుతుంది. నీళ్ళు పోయే వాలు సరిగ్గా లేకపోతే ఆ నురగ మనిషి పాదాల చుట్టూనే చేరుతుంది. మొదటి నెలలో దీప బాత్‌రూము పనికి దిగి, కవరు చిరిగి రెండు చుక్కలు పడితే కేక పెట్టి బయటికి పరుగెత్తింది. ఆ రోజు నుంచి శివమ్మ ఆమెను లోపలికి రానివ్వలేదు.

"నీయి పూల కాళ్ళు పిల్లా. అవుతల హాల్ల కూసోని రుద్దుకో పో," అనేది, నలుగురి ముందు కూడా.

శివమ్మ కాళ్ళకు మాత్రం పేరుంది. కవరు చిరిగినా, నురగ లోపలికి దూరినా ఆమె కదలదు. పని ముగించి బయటికి వచ్చాక చూస్తే పాదాల మీద ఎర్రటి మచ్చలుంటాయి. అవి ఎప్పుడు పడ్డాయో ఆమెకే తెలియదు. కొత్త సైటుకు వెళ్ళినప్పుడల్లా జైపాల్ అక్కడి మేస్త్రీలకు ఆమెను చూపించేవాడు. "మా శివమ్మక్కయి ఇనుప కాళ్ళు. యాసిడే ఆమెను జూసి భయపడ్తది." శివమ్మ ముక్కుకు కట్టుకున్న రుమాలు వెనక నవ్వేది. ఆ మాట కోసం ఇంకో బాత్‌రూము అడిగి మరీ చేసేదేమో అనిపించేది దీపకు.

పదకొండు గంటలకు ఇంటావిడ స్కూటీ మీద వచ్చింది. పేరు బాలాత్రిపురసుందరి. మచ్చ బొల్లారంలో అద్దెకుంటున్నారు. భర్త శ్రీనివాసరావు బ్యాంకులో పని. చెప్పులు గుమ్మం బయట విడిచి, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని గది గదీ తిరిగింది. పూజ గది ముందు వంగి, రెండు టైల్స్ మధ్య సందులో గోరు పెట్టి పొడవునా లాగి, గోటి కింద చేరిన బూడిదను దీపకు చూపించింది. కోప్పడలేదు. చూపించింది, అంతే.

బాత్‌రూము దగ్గరికి వెళ్ళేసరికి శివమ్మ మగ్గులో యాసిడ్ వంచుకుని దాని మీద నీళ్ళు పోయబోతోంది. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగి, చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు నీళ్ళు, తర్వాత యాసిడ్. యాసిడ్ మీద నీళ్ళు పోస్తే చిమ్ముతుందమ్మా. కంట్లో పడితే ఏం చేస్తావు?"

తను డిగ్రీలో కెమిస్ట్రీ చదివానని, లాబ్‌లో మొదటి రోజు నేర్పేది అదేనని చెప్పింది. పది వంతుల నీళ్ళకు ఒక వంతు యాసిడ్ చాలన్నది. వెంటిలేటరు తెరిచి ఉందో లేదో చూసింది. శివమ్మ అట్లనే అమ్మా అంది, రెండు మగ్గులు ఆవిడ చెప్పినట్టే కలిపింది. వెళ్ళే ముందు ఆవిడ గోడ అంచులు చూపించి, అక్కడ ఒక్క ముద్ద కూడా మిగలకూడదని, శుక్రవారం సాయంత్రం ఆరింటికి పురోహితుడు స్థలం చూడ్డానికి వస్తారని చెప్పింది. స్కూటీ చప్పుడు గేటు దాటాక శివమ్మ ఆ ముద్దల మీద నీళ్ళు కలపని యాసిడ్ ధారగా పోసింది. పది వంతుల నీళ్ళకు అవి శుక్రవారానికి కాదు కదా, వచ్చే నెలకు కూడా కరగవు. ఆ సంగతి శివమ్మకూ తెలుసు, చెప్పి వెళ్ళిన ఆవిడకూ తెలుసు.

బుధవారం సాయంత్రం ఇంటికి చేరాక వాకిట్లో బండ మీద శివమ్మ కూర్చుంది. దీప చెంబుతో నీళ్ళు పోస్తూ ఆమె కాళ్ళు కడిగింది. రోజూ చేసే పనే. కుడికాలి రెండో వేలికి వెండి మెట్టె నల్లబడి ఉంది. దాని అంచు నుంచి తెల్లగా, నీళ్ళలో నానినట్టు ఉబ్బిన చర్మం బయటికి వచ్చింది. దీప మెట్టెను తిప్పబోయింది. తిరగలేదు. కొంచెం గట్టిగా జరిపితే కింద చర్మం ఊడి దానితో పాటు జరిగింది. ఆ చోట వేలు నల్లగా ఉంది.

దీప చేతిలో చెంబు ఆగింది. శివమ్మ మాత్రం పక్కింటి విజయమ్మ గోడ మీద ఆరేసిన పిడకల వైపు చూస్తూ, అవి ఈసారి పలచగా చేసిందని చెబుతోంది.

"అత్తా, మెట్టె కింద పుండయింది. నీకు నొస్తలేదా?"

శివమ్మ వంగి చూసుకుంది. "గిదా. నాకేం తెలుస్తలేదు. పసుపు పెట్టు, పోతది."

సబ్బు రాసి మెట్టె తీసేద్దామని దీప అంది. గట్టు మీద శివమ్మ భర్త భిక్షం వల చిక్కులు విప్పుతున్నాడు. తెల్లవారకముందే శామీర్‌పేట చెరువుకు పోయేవాడు, సాయంత్రం వలతోనే కూర్చునేవాడు. శివమ్మ అతని వైపు గడ్డం ఎత్తి చూపించింది.

"మీ మామ గట్ల కూసోని ఉండంగ నన్ను మెట్టె తియ్యమంటున్నవా?"

భిక్షం తల ఎత్తలేదు. అతని వేళ్ళు ఒక్క ముడి దగ్గర కాసేపు ఆగి, మళ్ళీ కదిలాయి.

తర్వాత వంటింట్లో శివమ్మ గొంతు తగ్గించి చెప్పింది. కొడుకు కుమార్‌కు చెప్పొద్దంది. చెబితే వాడు గోదాముకు సెలవు పెట్టి దవాఖానకు లాక్కుపోతాడు, రెండు బాత్‌రూములు మిగిలే ఉంటాయి, జైపాల్ ఇంకెవరినో పెడతాడు. "శుక్రారం దాక నోరు మూసుకో బిడ్డా. శనారం నేనే అస్త." దీప సరేనంది. పసుపు, నూనె కలిపి పెట్టి, పాత చీర అంచు చింపి వేలికి చుట్టింది. కిటికీ పైన చక్కెర జబ్బు గోలీల అట్ట దుమ్ము పట్టి ఉంది. నర్సమ్మ ఇచ్చి వెళ్ళింది. తల తిరిగిన రోజు మాత్రమే శివమ్మ ఒకటి వేసుకునేది. ఆ అట్టను చూస్తూ దీప అనుకున్నది గోలీల గురించి కాదు. రేపు అత్త రాకపోతే ఆ రెండు బాత్‌రూములూ తనమీదే పడతాయి అనుకుంది. ముందు ఆ ఆలోచనే వచ్చింది. కాలి గురించిన ఆలోచన దాని తర్వాత వచ్చింది.

గురువారం బాలాత్రిపురసుందరి రెండు జతల రబ్బరు గ్లవుజులు, ఒక పొట్లం వంట సోడా తెచ్చింది. ఒంటి మీద పడితే ముందు పది నిమిషాలు ఆపకుండా నీళ్ళు పోయాలని, ఆ తర్వాతే సోడా నీళ్ళని, బ్లీచింగ్ పొడితో మాత్రం ఎన్నడూ కలపొద్దని, అలా కలిపితే వచ్చే గాలికి ఊపిరి ఆగిపోతుందని నిదానంగా చెప్పింది. చెప్పినవి దీపచేత మళ్ళీ చెప్పించుకుంది. దీపకు ఆవిడ మీద ఇష్టం కలిగింది. ఇన్ని ఇళ్ళు కడిగినా ఎవరూ ఆమెకు ఇంతసేపు ఏదీ వివరించలేదు.

శివమ్మ గ్లవుజులు తొడుక్కుని అరగంట చేసి తీసేసింది. చూపుకు కనిపించని సిమెంటు గరుకును ఆమె వేళ్ళతో తడిమి పట్టుకుంటుంది. గ్లవుజు వేస్తే ఆ వేళ్ళకు ఏమీ తెలియడం లేదట. "కండ్లకు గంతలు కట్టినట్టున్నది," అని వాటిని నడుముకు దోపుకుంది. దీప మాత్రం తీయలేదు.

వెళ్ళబోతూ ఆవిడ శివమ్మ కాలి కవరు లోపల గుడ్డ చుట్టి ఉండటం చూసింది. ఏమైందని అడిగింది. రాయి తగిలిందని శివమ్మ చెప్పింది. ఆవిడ ఆ మాట నమ్మనట్టు దీప వైపు తిరిగింది. హాలు మధ్యలో గొంతుక్కూర్చున్న దీప ఆ చూపు తన మీద ఆగడం తెలిసి కూడా తల దించుకుని ఒకే టైలును రుద్దుతూ పోయింది. ఆ టైలు అప్పటికే శుభ్రంగా ఉంది.

మధ్యాహ్నం బాల్కనీలో టిఫిను విప్పారు. ముందు రోజు భిక్షం తెచ్చిన చేపల పులుసు. గిన్నె మూత తీయగానే వాసన వచ్చింది. యాసిడ్ వాసన కాదు. శివమ్మ గిన్నెను ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూసి, కూర పాసిపోయిందా అని అడిగింది. వాసన గిన్నెలోంచి రావడం లేదని దీపకు వెంటనే తెలిసింది. అత్త బాసింపట్టు వేసుకుని కూర్చున్నప్పుడు ఆ కాలు తన వైపే వచ్చింది.

"ఉండొచ్చత్తా," అంది. ఇద్దరూ పచ్చిమిరపకాయతో అన్నం తిన్నారు. మంచి కూర గిన్నెతో సహా ఇంటికి వెళ్ళింది.

శుక్రవారం మిగిలింది పెద్ద పడకగది బాత్‌రూము ఒక్కటే. పొద్దున్నుంచి శివమ్మ ఒళ్ళు వెచ్చగా ఉంది. ట్రాలీ దిగుతున్నప్పుడు కుడికాలు ఎక్కడ పెట్టిందో చూసుకుని గానీ బరువు వేయలేదు. చేస్తానని దీప అనబోయి ఆగింది. నోట్లో మాట అలాగే ఉండగా శివమ్మ రుమాలు కట్టుకుని లోపలికి నడిచింది.

పన్నెండు గంటల వేళ బాలాత్రిపురసుందరి మామిడాకుల తోరణం కొలతకు దారం పట్టుకుని వచ్చింది. గుమ్మం కొలిచి, దారానికి ముడి వేసి, గదులు చూసుకుంటూ బాత్‌రూము దాకా వెళ్ళింది. అక్కడి నుంచి ఆవిడ గొంతు వినిపించింది. గట్టిగా కాదు.

"అమ్మా, నీ కాలు."

దీప లేచి వెళ్ళింది. గది నిండా పొగ. కవర్లు కట్టిన కుళాయిలు గోడల మీద తెల్లగా కనిపిస్తున్నాయి. నేల మీద నురగ ఉడుకుతోంది. శివమ్మ కుడికాలి కవరు ఊడిపోయి నీళ్ళు పోయే జాలి దగ్గర తేలుతోంది. గుడ్డ చుట్టిన పాదం నురగలో మునిగి ఉంది. శివమ్మ గోడ మూలన ఉన్న ముద్దను బ్లేడుతో గీకుతూ, ఆవిడ ఎవరి కాలి గురించి అంటోందో తెలియనట్టు వెనక్కి తిరిగి చూసింది. తర్వాత కిందికి చూసుకుంది. అక్కడ ఉన్నది తన కాలేనా అని పోల్చుకుంటున్నట్టు ఒక నిమిషం నిలబడింది.

ఆవిడే చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది. బాల్కనీలో కూర్చోబెట్టి, దీప బకెట్లు తెస్తుంటే తనే మగ్గుతో నీళ్ళు పోసింది. చీర మోకాళ్ళ దాకా తడిసినా చూసుకోలేదు. గుడ్డ విప్పింది. మెట్టె ఉన్న వేలు బొగ్గులా ఉంది. నలుపు పక్క వేళ్ళ మొదళ్ళ దాకా పాకింది. వాసనకు ఆవిడ ముఖం తిప్పుకోలేదు.

"నొప్పి లేదా?"

"లేదమ్మా. నా కాళ్ళకు ఎన్నడు ఏంగాదు. కావాల్నంటే జైపాల్‌ను అడుగు."

బాలాత్రిపురసుందరి శివమ్మ ముఖంలోకి చూసింది. కొంగుకు ఉన్న పిన్ను తీసింది. కళ్ళు మూసుకోమంది. తను ముట్టుకున్నప్పుడు చెప్పమంది. శివమ్మ ఆటలా నవ్వి కళ్ళు మూసుకుంది. ఆవిడ పిన్ను మొనను అరికాలికి ఆనించింది. తర్వాత మడమకు. తర్వాత పాదం మధ్యలో ఇంకాస్త నొక్కింది. దీప చూస్తుండగా ఆ చోట ఆవగింజంత నెత్తురు చుక్క లేచింది. ఎడమకాలికీ అలాగే చేసింది. శివమ్మ కళ్ళు మూసుకునే ఉంది. పెదాల మీద నవ్వు ఇంకా ఉంది.

"ఎప్పుడు ముట్టుకుంటవమ్మా? కూసోని కూసోని నిద్రొస్తాంది."

కింద సైటులో రాళ్ళు కోసే మిషను ఆగి మళ్ళీ మొదలైంది. శివమ్మ కళ్ళు తెరిచి ఆవిడ చేతిలోని పిన్నును, తన పాదాలను, కోడలి ముఖాన్ని వరసగా చూసింది.

తన తల్లి కామేశ్వరమ్మకూ ఇలాగే ఉండేదని ఆవిడ చెప్పింది. షుగరు ముదిరితే కాళ్ళు మొద్దుబారిపోతాయని, నిప్పు మీద పెట్టినా తెలియదని, మెట్టె కిందికి పోయిన యాసిడ్ పైన ఎంత కడిగినా పోకుండా రోజుల తరబడి అక్కడే కొరుకుతూ ఉండిపోయిందని చెప్పింది. "నీ కాళ్ళకి మంట తెలియడం ఎప్పుడో మానేసిందమ్మా."

శివమ్మ తన అరికాలిని వేళ్ళతో తడిమింది.

"మరి అందరు ఇనుప కాళ్ళంటరు గదమ్మా," అంది.

ఆవిడ ఫోను తీసి ఆటో మాట్లాడింది. సికింద్రాబాదులో పెద్ద దవాఖానకు ఈ క్షణమే తీసుకెళ్ళమని దీపకు చెప్పింది. జబ్బు పేరు కాగితం మీద రాసిచ్చింది. లోపలికి వెళ్ళి సంచి తెస్తూ బాత్‌రూము గుమ్మం దగ్గర ఆగింది. లోపల యాసిడ్ ఇంకా బుసలు కొడుతూనే ఉంది. ఆవిడ కాసేపు అలా నిలబడి, దీప వైపు చూడకుండా అంది.

"నీళ్ళన్నా కొట్టి వెళ్ళాలేమోనమ్మా. అలా వదిలేస్తే సందులు తినేస్తుంది."

అది నిజమే. నీళ్ళు కొట్టాలంటే ముందు రుద్దాలి. రుద్దితే అడుగున ముద్దలు బయటపడతాయి. దీప రుమాలు కట్టుకుని లోపలికి వెళ్ళింది. కేక పెట్టి పరుగెత్తిన రోజు తర్వాత అదే మొదటిసారి. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే గోడ పక్కన గొంతుక్కూర్చుని రుద్దింది. గీకింది. నీళ్ళు కొట్టింది. మళ్ళీ పోసింది. ఒకటి రెండుసార్లు చీలమండ మీద మండింది. కదలలేదు. ఆటో అతను రెండుసార్లు ఫోను చేశాడు. ఆవిడ కిందికి వెళ్ళి, ఉండమని బతిమాలి వచ్చింది. శివమ్మ బాల్కనీలో తడి చీరతో కాళ్ళు చాపుకుని కూర్చుని, అంతసేపూ తన పాదాలనే చూసుకుంది. కుళాయిల కవర్లు విప్పి, మెరుపు చెక్కు చెదరకుండా ఉన్నాయని చూసుకుని దీప బయటికి వచ్చేసరికి మూడు దాటింది.

దవాఖానలో ఆ సాయంత్రమే మెట్టెను తీగలు కోసే కటింగ్ ప్లేయరుతో కోశారు. నర్సు దాన్ని కాగితంలో చుట్టి భిక్షానికి ఇచ్చింది. అతను దాన్ని చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద చెయ్యి అలాగే పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. చేపల వాసన చొక్కా. కుమార్ గోదాము నుంచి నేరుగా వచ్చాడు. తనకెందుకు చెప్పలేదని ఎవరినీ అడగలేదు. అడిగినా బాగుండునని దీపకు అనిపించింది.

సోమవారం సగం పాదం తీసేశారు. ఆపరేషన్ తర్వాత బయటికి వచ్చిన డాక్టరమ్మ చిన్నది. దీప కంటే రెండేళ్ళు పెద్దదేమో. అలసటగా, ఎవరినీ నిందించని గొంతుతో చెప్పింది. రెండు మూడు రోజుల ముందు తెచ్చి ఉంటే ఒక్క వేలితో పోయేదేమో అంది. దీప తలూపింది. శుక్రవారం. గురువారం. బుధవారం. బుధవారం సాయంత్రం వాకిట్లో బండ, చెంబులో నీళ్ళు, గోడ మీద పలచటి పిడకలు.

అప్పుడే ఫోను మోగింది. బాలాత్రిపురసుందరి. గృహప్రవేశం అయిందని, ఆదివారమంతా మనసు ఇక్కడే ఉందని, ఇప్పుడెలా ఉందని అడిగింది. సగం పాదం తీసేశారని దీప చెప్పింది. ఫోనులో ఆవిడ ఊపిరి వినిపించింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అసలు మీరు మొదట ఎప్పుడు చూశారమ్మా అది?"

వార్డు తలుపు సందులోంచి అత్త మంచం కనిపిస్తోంది. దుప్పటి కింద ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి.

"శుక్రవారమే మేడమ్," అంది దీప. "మీరు జూసినప్పుడే."

ఆవిడ నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులో కొంచెం ఊరట ఉంది. ఆ ఊరట దేనికో దీపకు అర్థమైంది. బాత్‌రూము గుమ్మంలో నిలబడి అన్న మాట ఆవిడకూ గుర్తుంది, దీప దాన్ని ఎత్తలేదు. ఒకే వారంలో పోయిన ఆ పాదాన్ని ఇద్దరూ చెరొక వైపు పట్టుకుని నిలబడ్డట్టుంది. ఇద్దరిలో ఎవరూ రెండోవారి వైపు చూడలేదు.

ఇంటికి తెచ్చిన వారానికి జైపాల్ అరటిపళ్ళతో వచ్చాడు. శివమ్మ మంచం పక్కన కూర్చుని, కట్టు వైపు చూడకుండా కట్టు గురించి అడిగాడు. మేడ్చల్ రోడ్డు మీద కొత్త విల్లాలు వచ్చాయని, మనుషులు దొరకడం లేదని చెప్పాడు. లేవబోతూ దీప ఎప్పటి నుంచి వస్తుందని అడిగాడు. దీప కుమార్ వైపు చూసింది. కుమార్ తల్లి వైపు చూశాడు.

"సోమారం అస్తది," అంది శివమ్మ.

అతను వెళ్ళాక కోడలిని దగ్గరికి పిలిచింది. మెడలో పుస్తెల తాడు బయటికి తీసింది. కోసిన మెట్టె దానికి దారంతో కట్టి ఉంది. వంగి, దీప కాలి వేలు పట్టుకుని, ఆమె మెట్టెను తనే తిప్పి లాగింది. దీప కాలు వెనక్కి తీసుకోబోతే వదల్లేదు.

"పనికి పొయ్యేటప్పుడు తాడుకు కట్టుకో. అడిగినోళ్ళకు మా అత్త జెప్పిందని జెప్పు."

సోమవారం విల్లాలో జైపాల్ ముందు కుళాయిలకు కవర్లు కట్టించాడు. దీపకు తోడుగా రోజారాణి అనే కొత్త పిల్ల వచ్చింది. గౌడవెల్లిదే. యాసిడ్ డబ్బా చూసే రెండడుగులు వెనక్కి వేసింది. బూట్లు తొడిగి ఇద్దరికీ ఫోటోలు తీశాక జైపాల్ బాత్‌రూములు ఎవరు చేస్తారని అడిగాడు.

"నేను జేస్త. ఆ పిల్ల హాల్ల ఉంటది," అంది దీప.

"నీయి పూల కాళ్ళు గదా. మండుతదంటివి."

"ఇగ మండుతలేదన్నా."

జైపాల్ సంతోషపడ్డాడు. అత్త కాళ్ళే వచ్చాయని రోజారాణికి చెప్పాడు. రోజారాణి భయంగా, గొప్పగా దీప పాదాల వైపు చూసింది.

లోపలికి వెళ్ళి దీప తలుపు దగ్గరగా వేసింది. వెంటిలేటరు తెరిచింది. బకెట్టులో ముందు నీళ్ళు పట్టింది, తర్వాత యాసిడ్ పోసింది. పది వంతులు లేవు, మూడు వంతులు ఉంటాయి. శుక్రవారానికి అయిపోవాలి. కాళ్ళకు కవర్లు తొడగలేదు ఇంకా. గోడకు ఆనుకుని నిలబడి, బ్రష్ కొసను డబ్బా మూతలో వంచిన యాసిడ్‌లో ముంచి, కుడిపాదం మీదికి తెచ్చి పట్టుకుంది. కళ్ళు మూసుకుంది.

చుక్క పడింది. చల్లగా ఉంది. దీప ఊపిరి బిగపట్టి ఎదురుచూసింది. హాల్లో రోజారాణి రుద్దుతున్న చప్పుడు ఒకటి, రెండు, మూడు సార్లు వినిపించింది.

మండింది.

ఇంకాసేపు మండనిచ్చింది. తర్వాత మగ్గుతో నీళ్ళు పోసుకుని, కవర్లు తొడుక్కుని, రుమాలు కట్టుకుని, పనికి కూర్చుంది.